ఇథియోపియాలో టైమ్ చెబితే ఒకసారి అడిగి చూసుకోండి

ఇథియోపియాలో ఎవరైనా "రేపు రెండింటికి కలుద్దాం" అంటే మధ్యాహ్నం దాకా ఆగకండి. వాళ్ల లెక్కలో అది ఉదయం 8 గంటలు! అక్కడ రోజు మొదలయ్యేది అర్ధరాత్రి కాదు, పొద్దు పొడుపుతో. మన 7 వాళ్లకు 1, మన 9 వాళ్లకు 3. భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి ఏడాది పొడవునా సూర్యోదయం 6కి అటూ ఇటూగానే ఉంటుంది, అందుకే ఈ లెక్క చక్కగా కుదిరింది.

కూడికలూ తీసివేతలూ అక్కర్లేదు. ముళ్ల గడియారం ఊహించుకుని, వాళ్లు చెప్పిన అంకెకు సరిగ్గా ఎదురుగా ఉన్న అంకె చూడండి. 2కి ఎదురు 8, 4కి ఎదురు 10. అంతే.

విమానం టికెట్ల మీద మామూలు టైమే ఉంటుంది. టెన్షన్ అంతా బస్సులతోనే. "పొద్దున 12కి బస్సు" అంటే తెల్లవారి 6కే వెళ్లిపోతుంది. అందుకే "మీ టైమా, విదేశీ టైమా?" అని మొహమాటం లేకుండా అడిగేయండి. అక్కడ అది మామూలు ప్రశ్నే.

కెన్యా, టాంజానియాల్లో స్వాహిలిలో మాట్లాడేటప్పుడు కూడా ఇదే లెక్క. ఇథియోపియాలో మాత్రం క్యాలెండరూ వేరే: 13 నెలలు, ఏడెనిమిదేళ్లు వెనక. 2000వ సంవత్సరం వేడుకలు వాళ్లు 2007 సెప్టెంబరులో చేసుకున్నారు. రసీదు మీద తేదీ చూసి కంగారు పడకండి.