పాత టీవీ స్పేర్ పార్టుల గుర్తింపు – 4వ పాఠం: సోర్స్ కోడ్ చదవడం

గత పాఠంలో ఛాసిస్ (పార్టులు బిగించిన లోపలి చట్రం) బయటకు తీయడం, పిక్చర్ ట్యూబ్‌ను, పెద్ద కండెన్సర్లను డిశ్చార్జ్ చేయడం, అంటే వాటిలో నిలిచిన కరెంటు తీసేయడం నేర్చుకున్నాం. ఆ పని పూర్తిచేశాకే దీన్ని మొదలుపెట్టండి. ఒక టార్చి, ఒక భూతద్దం దగ్గర పెట్టుకోండి.

క్యాబినెట్ మీద జెనిత్ అనే అమెరికన్ టీవీ కంపెనీ పేరు ఉన్నంత మాత్రాన లోపలి పార్టులన్నీ జెనిత్ చేసినవి కావు. కంట్రోళ్లు, కండెన్సర్లు, స్పీకర్లు చాలావరకు బయటి కంపెనీల నుంచి కొన్నవే. 1950, 60ల అమెరికన్ సెట్లలో అసలు తయారీదారుని పట్టిచ్చేది పార్టు మీద వేసిన సోర్స్ కోడ్ అనే నంబరు. రేడియో తయారీదారుల సంఘం ఈ నంబర్లు కేటాయించింది. 1957లో ఆ సంఘం పేరు ఈఐఏగా (ఎలక్ట్రానిక్ ఇండస్ట్రీస్ అసోసియేషన్) మారింది కాబట్టి దీన్ని ఈఐఏ కోడ్ అని కూడా అంటారు.

ముందుగా వాల్యూమ్ కంట్రోల్ చూడండి. నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పార్టు లేదని నా అభిప్రాయం, ఎందుకంటే నంబరు రేకు మీద గట్టిగా ముద్ర పడి ఉంటుంది. టార్చి వెలుగు పక్క నుంచి ఏటవాలుగా పడితే అరిగిన అంకెలు కూడా తేలతాయి. అక్కడ 1375623 అని ఉందనుకుందాం. మొదటి మూడంకెలు 137, అంటే సీటీఎస్ కంపెనీ. తర్వాతి 56 సంవత్సరం, చివరి 23 వారం. అంటే ఆ కంట్రోల్ 1956లో 23వ వారంలో తయారైంది. ఆరంకెలే ఉంటే సంవత్సరానికి ఒక్క అంకే ఇచ్చారని అర్థం: 137623. ఇది 1946 కావచ్చు, 56 కావచ్చు, 66 కావచ్చు. సెట్టు మోడల్ ఏ కాలానిదో చూసి తేల్చుకోవాలి.

తరచూ కనిపించే కోడ్‌లు ఇవి: 134 సెంట్రలాబ్, 188 జనరల్ ఎలక్ట్రిక్, 220 జెన్సెన్, 235 మాలరీ, 274 ఆర్‌సీఏ, 304 స్టాక్‌పోల్, 312 సిల్వేనియా. నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి, పది పార్టులు చూసేసరికి వాటంతటవే నోటికి వచ్చేస్తాయి.

తేదీతో ఇంకో లాభం ఉంది. ఒకే సెట్టులోని పార్టుల తేదీలు సాధారణంగా కొన్ని నెలల తేడాతో దగ్గరదగ్గరగా ఉంటాయి. అన్నీ 1956వి అయి ఒక్క కంట్రోల్ మాత్రం 1963ది అయితే, దాన్ని మధ్యలో ఎవరో మార్చారన్నమాట. అలాంటప్పుడు దాని విలువను గుడ్డిగా నమ్మి అదే కొనకండి, సర్క్యూట్ డయాగ్రామ్‌తో సరిచూడండి.

ఇక్కడ చాలామంది పొరబడతారు. సెట్టు కంపెనీ సొంత పార్టు నంబరు వేరు, సోర్స్ కోడ్ వేరు. జెనిత్ కండెన్సర్ల మీద 22-తో, రెసిస్టర్లూ కంట్రోళ్ల మీద 63-తో మొదలయ్యే నంబర్లు ఉంటాయి. అవి ఆ కంపెనీ లెక్క కోసం పెట్టుకున్నవి, తయారీదారు సంగతి చెప్పవు. ఏది ఏదో తేలకపోతే చివరి రెండంకెలు చూడండి. 53 దాటితే అది వారం కాదు, కాబట్టి తేదీ కోడ్ కూడా కాదు.

వాక్యూమ్ ట్యూబ్‌ల మీద కోడ్ పెయింట్‌తో వేస్తారు, వేలితో రుద్దినా పోతుంది. కాబట్టి తుడవకముందే చదివి రాసుకోండి. పేరు చెరిగిపోయినా, గాజు మీద టైప్ నంబరు చుట్టూ ఎనిమిది మూలల గీత ఉంటే అది ఆర్‌సీఏ తయారీ. పిక్చర్ ట్యూబ్ గాజులోనే పోసిన గుర్తులు మాత్రం గాజు కంపెనీవి. ట్యూబ్ తయారీదారుని దాని మీద అంటించిన లేబుల్‌లో వెతకాలి. రీబిల్డ్ చేసిన (పాతదాన్ని బాగుచేసి మళ్లీ అమ్మిన) ట్యూబ్ అయితే లేబుల్ ఆ పని చేసినవాళ్లది.

ఈ వారం అభ్యాసం: 1345818, 3045641, 274571. మూడింటిలో ఒకటి సోర్స్ కోడ్ కానే కాదు. అదేదో, మిగతా రెండూ ఎవరివో, ఎప్పటివో రాసి ఉంచండి. జవాబులు చూసుకున్నాక వచ్చే పాఠంలో ఫ్లైబ్యాక్ ట్రాన్స్‌ఫార్మర్ తీసుకుందాం.