ఫిన్లాండ్ పాత ఇత్తడి దీపాన్ని శుభ్రం చేయడం ఎలా?

ఫిన్లాండ్ దీపాల డిజైనర్ పావో ట్యూనెల్ చేసిన దీపాన్ని ఎవరైనా తళతళా తోమేస్తే నా ప్రాణం ఉసూరుమంటుంది. 1918లో హెల్సింకిలో పుట్టిన తైతో కంపెనీకి ఆయన చేసిన దీపాల్లో ఆకులు, పూలు, మంచు పలుకులు ఇత్తడిలో విచ్చుకుంటాయి. 1948లో న్యూయార్క్‌లోని ఫిన్లాండ్ హౌస్‌లో వెలిగినవీ ఆయన దీపాలే. ఏళ్లు గడిచేకొద్దీ వాటికి తేనె రంగు వస్తుంది. దాన్ని మురికి అనుకోకండి.

రంగులు వేసే మెత్తటి బ్రష్, రెండు పాత నూలు గుడ్డలు, గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు చాలు. మెయిన్ ఆఫ్ చేసి, బల్బు చల్లారాక తీసి, పైనుంచి కిందికి దుమ్ము దులపండి.

అసలు జాగ్రత్త ఇక్కడినుంచే. ముందు భూతద్దం పెట్టి అంచులు చూడండి. వార్నిష్ లాంటి పల్చటి పూత పొరలుగా లేచి కనిపిస్తే తడి గుడ్డ కూడా తగలనివ్వకండి, దులిపి వదిలేయండి. పూత గట్టిగా ఉంటే, సబ్బు నీటిలో ముంచి బాగా పిండిన గుడ్డతో అద్దండి. రుద్దొద్దు. వెంటనే పొడి గుడ్డతో తుడవండి. దీపాన్ని నీళ్లలో ముంచనే కూడదు.

చింతపండు మాటే వద్దు. మన ఇళ్లలో బిందెలు దాంతోనే తోముతాం, నిజమే. కానీ బిందె మందం వేరు, ఈ రేకు మందం వేరు. పులుపు ఇత్తడిలోని జింకును తినేస్తే ఎర్రటి మచ్చలు మిగులుతాయి, అవి పోవు. నిమ్మకాయ, వెనిగర్ కూడా అంతే. పాలిష్ డబ్బాలు ఇంకా ఘోరం. ఒకసారి నా దగ్గరికొచ్చిన షేడ్‌లో, గుండుసూది మొన పట్టేంత రంధ్రాల్లో తెల్లటి పాలిష్ గడ్డకట్టి, పక్కనే పచ్చటి చిలుము పట్టి ఉంది. వెలిగిస్తే గోడ మీద చుక్కలు పడాల్సిన చోట సగం చీకటే. వెదురు పుల్ల చెక్కుకుని, ఒక్కో రంధ్రంలోని పాలిష్‌ను లోపలినుంచి బయటికి నెట్టడానికి రెండు ఆదివారాలు పట్టింది. లోహపు సూది వాడితే రంధ్రం పెద్దదైపోతుంది.

వైరు మీద గుడ్డ తొడుగు చీకిపోయి ఉంటే ఎలక్ట్రీషియన్ మార్చేదాకా వెలిగించకండి. తర్వాత తక్కువ వాట్ల, 2700 కెల్విన్ (వెచ్చటి పసుపు వెలుగు) ఎల్ఈడీ బల్బు పెట్టండి. గాజు పారదర్శకంగా ఉండాలి. పాలరంగు గాజైతే గోడ మీద చుక్కలు అలుక్కుపోతాయి.