విత్తే ముందు ఒక గింజను విప్పి చూడండి

మొలక రాకపోతే నేలనో వాననో తిట్టుకుంటాం. చాలాసార్లు గింజ సంచిలో ఉండగానే చచ్చిపోయి ఉంటుంది. అందుకే ముందు ఒక చిక్కుడు గింజను రాత్రంతా నానబెట్టి, తొక్క తీసి, బద్దలు విడదీయండి. ఒక అంచున వంకరగా చిన్న పిలక ఉంటుంది. దాని మొన ప్రథమ మూలం, రేపటి వేరు. రెండో కొసన ముడుచుకున్న చిట్టి ఆకులున్నది ప్రథమ కాండం. బద్దలే బీజదళాలు, మొలకకు కట్టిచ్చిన చద్దిమూట. మొక్కజొన్నలో, వరిలో బీజదళం ఒక్కటే, తిండి ఎక్కువగా అంకురచ్ఛదంలో, అంటే బీజదళానికి బయట ఉండే తిండి నిల్వలో ఉంటుంది.

నన్నడిగితే అన్నిటికన్నా ఎక్కువగా కాపాడుకోవాల్సింది తొక్కను, అంటే బీజకవచాన్ని. సోయాచిక్కుడులో వేరు మొన పలచటి తొక్క కిందే ఉంటుంది. బస్తాను ఎత్తు నుంచి పడేస్తే పైకి ఏమీ కనిపించకుండానే లోపల విరిగిపోతుంది. వేరుశనగదీ పలచటి తొక్కే. కాయల్ని నెలల ముందు ఒలిచి పెట్టుకోకండి, విత్తే రోజులు దగ్గర పడ్డాకే ఒలవండి. బద్దలు విడిపోయినవీ, తొక్క ఊడినవీ ఏరేయండి. తొక్క చిట్లిన పప్పుజాతి గింజల్ని నీళ్లలో ముంచితే గబగబా నీళ్లు పీల్చుకుని లోపలి కణాలు దెబ్బతింటాయి. నానబెట్టాల్సి వస్తే తడిగుడ్డలో మెల్లగా నాననివ్వండి.

గింజ అంచున కన్నులా కనిపించే మచ్చ అది కాయకు అతుక్కున్న చోటు. దాని పక్కనే సన్నని రంధ్రం ఉంటుంది. నానిన గింజను నొక్కితే అక్కడ నీటిబొట్టు వస్తుంది, పిల్లలకు చూపించండి, సరదాపడతారు. ఇది మాత్రం పుట్టుకతో వచ్చిన రంధ్రం. పురుగు తొలిచిన రంధ్రం ఇలా ఉండదు, గుండ్రంగా, పెద్దగా ఉంటుంది. అలాంటి గింజ మొలిచినా తిండి చాలక మొక్క బక్కగా వస్తుంది.

దాచేటప్పుడు తేమే శత్రువు. మామూలు ధాన్యం, పప్పుజాతి విత్తనాల్లో తేమ 1 శాతం తగ్గితే నిల్వ ఉండే కాలం దాదాపు రెట్టింపవుతుందని ఒక అంచనా. ఆరాకే మూత బిగించండి.

విత్తడానికి పది రోజుల ముందు 100 గింజల్ని తడిగుడ్డలో చుట్టి నీడన పెట్టండి. ఎన్ని మొలిస్తే అదే మీ మొలక శాతం. వేరు వచ్చి ఆకు రానివి, ఆకు వచ్చి వేరు రానివి లెక్కలోకి తీసుకోకండి.

మందు పట్టించిన విత్తనం మిగిలితే వండుకోకండి, పశువులకూ పెట్టకండి. కడిగినా సరే.