తుఫాను నెలలు రాకముందే ట్రెయిలర్ తాళం చూసుకోండి

రెండేళ్ల కిందట తుఫాను హెచ్చరిక వచ్చిన రాత్రి, విశాఖ లాసన్స్ బే దగ్గర నిలిపిన మా టిఫిన్ ట్రెయిలర్‌ని జీపుకు తగిలించి లోపలి వీధిలోకి లాక్కొద్దామని వెళ్లాను. కప్లర్‌కి, అంటే ట్రెయిలర్‌ని జీపుకు తగిలించే ముందు కొక్కేనికి, వేసిన తాళం తిరగలేదు. కాస్త గట్టిగా తిప్పేసరికి చెవి సగం లోపలే విరిగింది. గ్రైండర్‌తో వెల్డింగ్ కుర్రాడు వచ్చాడు గానీ అప్పటికే కరెంటు పోయింది. చక్రాలకు రాళ్లు పెట్టి, తాళ్లు బిగించి ఇంటికొచ్చేశాం. తెల్లారి చూస్తే ట్రెయిలర్ ఉంది, సర్వింగ్ కిటికీ లేదు.

హుద్‌హుద్ తుఫాను మన ఊరిని తాకింది 2014 అక్టోబరు 12న. అందుకే నేనీ పని సెప్టెంబరులోనే ముగిస్తాను.

పాత కప్లర్ అయితే తాళం కొనేముందు వైర్ బ్రష్‌తో తుప్పు గీకండి. జీపు వెనక ఉండే ఇనుప గుండు, అంటే బాల్ మీద కప్లర్ కూర్చుంటుంది. ఆ బాల్ సైజు కప్లర్ మీదే చెక్కి ఉంటుంది. 50 మిల్లీమీటర్లదీ, 2 అంగుళాలదీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి కానీ రెండోది 50.8. ఆ కాస్త తేడాకే ఒకటి బిగుసుకుపోతుంది, ఇంకొకటి వదులుగా ఆడుతుంది.

తర్వాత లివర్‌లో, అంటే కప్లర్‌ని బాల్ మీద బిగించే పిడిలో, తాళం దూరే రంధ్రం. పాతవాటిలో ఇది చాలాసార్లు పావు అంగుళమే, అంటే 6 మిల్లీమీటర్ల పైచిలుకు. షాపువాడిచ్చే లావుపాటి తాళంకప్ప అందులో పట్టదు. నేను డ్రిల్ బిట్ల డబ్బా తీసుకెళ్లి, వాటి వెనక వైపు ఒక్కొక్కటీ దూర్చి చూస్తాను. సులువుగా దూరే వాటిలో లావుదేదో అదే మీ కొలత. తాళం కోసం రంధ్రాన్ని మాత్రం పెద్దది చేయించకండి, లివర్ బలహీనపడుతుంది. ఆటోనగర్‌లో అడిగితే నిమిషంలో చేసిపెడతారు, అదే ప్రమాదం.

జీపుకు తగిలించి ఉన్నప్పుడు ఈ లివర్ తాళం సరిపోతుంది, గతుకుల్లో లివర్ లేవకుండా కూడా ఆపుతుంది. అయితే తాళం పడినంత మాత్రాన బాల్ కూర్చున్నట్టు కాదు. జాకీతో ముందు భాగం పైకెత్తండి. జీపు వెనక భాగం కూడా లేస్తే సరే. కప్లర్ ఒక్కటే ఊడి పైకొస్తే మళ్లీ మొదటికి రండి. సేఫ్టీ గొలుసులు రెండూ కప్లర్ కింద నుంచి ఒకదానికొకటి అడ్డంగా దాటించి తగిలించాలి.

విడిగా నిలిపినప్పుడు కథ వేరు. దొంగ గొలుసు కట్టి ఈడ్చుకుపోగలడు, స్పానర్‌తో కప్లర్ బోల్టులు విప్పి కొత్తది బిగించుకోగలడు. బాల్ గుంటలో దూరే తాళం మంచిదే, కానీ అరిగిన గుంటలో అది ఊగుతుంటే గునపంతో లేపేస్తారు. నా మాట అడిగితే ఖరీదైన కప్లర్ తాళంకన్నా, చక్రం రిమ్ములోంచి స్తంభానికి వేసిన లావు గొలుసే మేలు.

ఇక ఉప్పుగాలి. తాళం చెవి రంధ్రం కిందికి ఉండేలా వేయండి, పాత సైకిల్ ట్యూబు ముక్క తొడగండి. లోపల గ్రీజు వద్దు, ఇసుక పట్టేస్తుంది. గ్రాఫైట్ పొడి చాలు. వారానికోసారి తాళం తీసి మళ్లీ వేస్తూ ఉండండి. రెండో చెవి నేను ఇంట్లో మా ఆవిడ దగ్గరే ఉంచుతాను. అప్పట్లో అది ట్రెయిలర్ లోపలి డ్రాయర్‌లో ఉండేది, ఆ డ్రాయర్ తాళం మళ్లీ వేరు.