వంశవృక్షం రాయాలనుకుంటే ముందు ట్రంకుపెట్టె తెరవండి

మీ వంశం గురించి తెలుసుకోవాలనుంటే ముందు ఇంట్లో పాత ట్రంకుపెట్టె దించండి. ఆస్తి కాగితాల్లో భాగపరిష్కార దస్తావేజు (అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నప్పుడు రాసుకున్న పత్రం) దొరికిందంటే మీ పంట పండినట్టే. తండ్రి ఎవరు, అన్నదమ్ములెందరు, ఎవరికి ఏ సర్వే నంబరులో ఎంత వచ్చింది, అన్నీ వరసగా ఉంటాయి. ఆడపిల్లల పేర్లు మాత్రం పాతవాటిలో తరచూ కనిపించవు (ఆస్తి ఇవ్వలేదు కదా మరి!). అవి జేజినో అవ్వనో అడగాల్సిందే, ఫోన్‌లో రికార్డు చేసుకోండి.

మన వైపు తాత పేరు మనవడికి పెడతారు. ప్రతి పేరు పక్కన తండ్రి పేరు, ఊరు రాసుకోకపోతే ముత్తాత, ఆయన మనవడు ఒకరే అయిపోతారు.

అనంతపురం వాళ్లకు ఇంకోటి: జిల్లా 1882లో ఏర్పడింది. అంతకుముందు కాగితాలు కావాలంటే బళ్లారి జిల్లా కింద వెతకండి.