హార్మోన్ల పాఠాలు – 4: థైరాక్సిన్ ఏ జట్టు?

మూడో పాఠం చివర ఒక్కటే ప్రశ్న ఇచ్చాను. అడ్రినలిన్, థైరాక్సిన్, కార్టిసాల్: పనిచేసే తీరును బట్టి వీటిలో ఏ రెండు ఒక జట్టు? ఎక్కువమంది అడ్రినలిన్, థైరాక్సిన్ అని రాశారు. కారణం కూడా పొందిగ్గా రాశారు: ఆ రెండూ టైరోసిన్ అనే అమైనో ఆమ్లం నుంచి తయారవుతాయి, కార్టిసాల్ కొలెస్టరాల్ నుంచి వస్తుంది, కాబట్టి అది వేరు. పుట్టుక గురించి రాసిందంతా నిజమే. జవాబే తప్పు.

ఈసారి రిసెప్టర్ల (హార్మోన్ వచ్చి పట్టుకునే, కణంలోని ప్రోటీన్ల) రకాల్లోకి వెళ్లాల్సింది. కానీ ఇది తేలకుండా అక్కడికి వెళితే అడుగడుగునా తడబడతారు. అందుకే ఈ పాఠమంతా దీనికే.

పెప్టైడ్ (అమైనో ఆమ్లాల గొలుసు), స్టీరాయిడ్ (కొలెస్టరాల్ నుంచి వచ్చేది), అమైన్ (టైరోసిన్ లాంటి అమైనో ఆమ్లం నుంచి వచ్చేది) గురించి మళ్లీ వివరంగా చెప్పను. ఆ మూడు పేర్లూ హార్మోన్ దేనితో తయారైందో చెబుతాయి, అంతే. చాలా పుస్తకాలు ఆ పట్టికతోనే మొదలవుతాయి. నాకు ఆ వరస నచ్చదు. ఒక తల్లి పిల్లలంతా ఒకే పని చేసుకు బతకాలని ఎక్కడుంది? హార్మోన్ ఒక కణం దగ్గరికి వచ్చాక తేలాల్సింది ఒక్కటే: దాని రిసెప్టర్ కణం పైన ఉందా, లోపల ఉందా?

ముందు పైన ఉన్నవి. ఇన్సులిన్‌లో 51 అమైనో ఆమ్లాలుంటాయి. కొవ్వుతో తయారైన కణపొరను అది దాటలేదు. బయటే రిసెప్టర్‌ను పట్టుకుంటుంది. ఆ రిసెప్టర్‌కు లోపలివైపున్న భాగం ఎంజైమ్‌లా పని మొదలుపెడుతుంది. కండరాల్లో, కొవ్వు కణాల్లో అప్పటిదాకా లోపల దాచి ఉన్న గ్లూకోజ్ వాహకాలు పైపొరకు చేరతాయి. గ్లూకోజ్ వాటి గుండా లోపలికి వెళుతుంది. ఇన్సులిన్ గ్లూకోజ్‌ను మోసుకెళ్లదని ఇంకోసారి గుర్తు చేస్తున్నాను. ఇదంతా నిమిషాల్లో జరిగిపోతుంది.

అడ్రినలిన్ చాలా చిన్న అణువు. అయినా నీళ్లలో కరిగే రకం కాబట్టి అదీ బయటే ఆగుతుంది. కాలేయ కణం మీది బీటా రిసెప్టర్‌ను పట్టుకుంటే లోపల సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువులు పెద్ద సంఖ్యలో తయారవుతాయి, గ్లైకోజెన్‌గా నిల్వ ఉన్న గ్లూకోజ్ విడుదలవుతుంది. హార్మోన్ బయట ఆగిపోతే దాని కబురును లోపల అందించే ఈ ‘రెండో దూత’ను కనిపెట్టిన శాస్త్రవేత్త ఎర్ల్ సదర్లాండ్‌కు 1971లో నోబెల్ వచ్చింది.

కార్టిసాల్ దారి వేరు. కొవ్వులో కరుగుతుంది కాబట్టి పొరను దాటిపోతుంది. లోపలున్న రిసెప్టర్‌తో కలిసి కేంద్రకంలోకి వెళ్లి, డీఎన్ఏను పట్టుకుని, కొన్ని జన్యువులను పనిలో పెడుతుంది, కొన్నింటిని ఆపుతుంది. జన్యువు మేల్కొని ప్రోటీన్ తయారయ్యేసరికి సాధారణంగా గంటలు పడుతుంది. ఆస్తమాలో వాడే రెండు రకాల ఇన్‌హేలర్లలో ఈ తేడా బాగా తెలుస్తుంది. సాల్బుటమాల్ అడ్రినలిన్ పట్టుకునే రిసెప్టర్లనే పట్టుకుంటుంది, నిమిషాల్లో ఊపిరి ఆడుతుంది. స్టీరాయిడ్ ఇన్‌హేలర్ అలా వెంటనే ఏమీ చేయదు, రోజూ వాడితేనే ఫలితం.

ఇప్పుడు థైరాక్సిన్. రెండు టైరోసిన్‌ల వలయాలు జతకూడి, వాటికి 4 అయోడిన్ పరమాణువులు తగిలితే అది తయారవుతుంది. ఆ వలయాలూ అయోడినూ కలిసి దానికి కొవ్వువైపు మొగ్గే స్వభావం ఇచ్చాయి. కణంలోకి వెళ్లాక ఒక అయోడిన్ ఊడితే టీ3 అవుతుంది, అసలు పని ఎక్కువగా దానిదే. దాని రిసెప్టర్ కేంద్రకంలో ఉంటుంది. అంటే కార్టిసాల్ జట్టు. ఒక్క చిన్న తేడా: కణపొరను దాటడానికి థైరాక్సిన్‌కు వాహక ప్రోటీన్లు కావాలి. లోపలికి వెళ్లాక మాత్రం దాని పనీ జన్యువులతోనే.

రక్తంలో చూసినా ఇదే కథ. థైరాక్సిన్‌లో 99 శాతానికి పైగా ప్రోటీన్లకు అంటుకునే తిరుగుతుంది. అది సగానికి తగ్గడానికి దాదాపు 7 రోజులు పడుతుంది. అడ్రినలిన్ రెండు మూడు నిమిషాల్లోనే సగమవుతుంది. థైరాయిడ్ మాత్ర మోతాదు మార్చాక మళ్లీ టెస్టు చేయడానికి ఆరు వారాలైనా ఆగమనేది ఇందుకే.

‘థైరాయిడ్ ఎక్కువైతే గుండె దడ, చెమట, చేతుల వణుకు వస్తాయి. టెన్షన్‌లో అడ్రినలిన్ వల్లా అవే వస్తాయి. మరి రెండూ ఒకటి కాదా?’ అని కొందరు వాదించారు. ఈ వాదన పుస్తకాల్లోనూ కనబడుతుంది, చూసినప్పుడల్లా నాకు చిరాకు. థైరాయిడ్ హార్మోన్ గుండె కణాల జన్యువులను కదిలించి బీటా రిసెప్టర్ల సంఖ్య పెంచుతుంది. దాంతో మామూలు అడ్రినలినే గుండెను ఎక్కువగా కుదిపేస్తుంది. ఈ దడ తగ్గించడానికి బీటా బ్లాకర్లు ఇస్తారు. అవి థైరాయిడ్ గ్రంథిని బాగుచేయవు, ఆ రిసెప్టర్లకు అడ్డుపడతాయి. లక్షణాలు కలిశాయని దారులు కలిసినట్టు కాదు.

నేను వాడే అడ్డదారి ఒకటుంది: రక్తంలో దాదాపు అంతా ప్రోటీన్లకు అంటుకుని తిరిగే హార్మోన్ అయితే రిసెప్టర్ లోపల, విడిగా తిరిగేదైతే పైన. పరీక్షల్లో చాలాసార్లు పనికొస్తుంది. పెరుగుదలకు తోడ్పడే ఐజీఎఫ్-1 అనే పెప్టైడ్ హార్మోన్ దీన్ని ధిక్కరిస్తుంది: ప్రోటీన్లకు అంటుకునే తిరుగుతుంది, రిసెప్టర్ మాత్రం కణం పైనే. నిద్రవేళకు సంబంధించిన మెలటోనిన్ హార్మోన్ ఇంకో తిరకాసు. కొవ్వులో కరిగినా, పొరను దాటగలిగినా, దాని ముఖ్యమైన రిసెప్టర్లు పైపొర మీదే ఉన్నాయి. దాటగలగడం, దాటి పనిచేయడం వేర్వేరు. సందేహం వస్తే రిసెప్టర్ ఎక్కడుందో చూడండి, కరిగే గుణాన్ని పక్కన పెట్టండి.

అభ్యాసం. ఈసారి కాస్త గట్టిగానే ఇస్తున్నాను, పుస్తకం మూసి చేయండి.

ఒకటి. పేరు చెప్పని హార్మోన్. రక్తంలో సుమారు 90 శాతం ప్రోటీన్లకు అంటుకుని ఉంటుంది. గంటా గంటన్నరలో సగానికి తగ్గుతుంది. దాని ప్రభావం మాత్రం కొన్ని గంటలకు మొదలై, రక్తంలో తగ్గిపోయాక కూడా నిలుస్తుంది. రిసెప్టర్ ఎక్కడుండొచ్చు? హార్మోన్ పోయాక ప్రభావం ఎందుకు మిగిలింది? ఈ వివరాలను బట్టి అది కొలెస్టరాల్ నుంచి వచ్చిందో టైరోసిన్ నుంచి వచ్చిందో తేల్చగలరా? తేల్చలేమంటే ఎందుకో రెండు వాక్యాల్లో రాయండి.

రెండు. గ్రోత్ హార్మోన్ పెప్టైడ్, రిసెప్టర్ కణం పైనే, రక్తంలో 20 నిమిషాల్లోపే సగమైపోతుంది. అయినా పిల్లల ఎముకలు ఏళ్ల తరబడి పెరుగుతాయి. ఇది పైన చెప్పిన నిమిషాల లెక్కకు ఎలా సరిపోతుందో వివరించండి. రాసేటప్పుడు కాలేయాన్ని మరిచిపోకండి.