బూస్ట్ పెంచాక బండి పట్టేస్తోందా? ముందు పెట్రోలు లెక్క చూడండి

టర్బో కారుకి బూస్ట్, అంటే టర్బో ఇంజిన్‌లోకి అదనంగా నెట్టే గాలి ఒత్తిడి, పెంచడం ఇప్పుడు పది నిమిషాల పని. ల్యాప్‌టాప్ తగిలించి ఈసీయూలో (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ఒక ఫైలు మార్చేస్తే అయిపోతుంది. పెరిగిన గాలికి సరిపడా పెట్రోలు చేరుతోందా అని చూడటానికి మాత్రం ఒక రోజు పడుతుంది. ఆ రోజు కేటాయించకపోతే గాలి ఎక్కువై, పెట్రోలు చాలక, లోపల వేడి హద్దు దాటి పిస్టన్ అంచు కరుగుతుంది. అందుకే బూస్ట్ పెంచిన తర్వాత ఏ తేడా వచ్చినా నేను టర్బో జోలికి చివర్లోనే వెళ్తాను.

ముందు ఒక చిన్న లెక్క. విశాఖ సముద్రం పక్కన ఉంది కాబట్టి బయటి గాలి ఒత్తిడే సుమారు 1 బార్. గేజ్ 0.8 బార్ చూపిస్తోందంటే ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి మొత్తం 1.8 బార్. స్కానర్‌లో (ఈసీయూ అంకెలు చదివే పరికరం) కనిపించేది సాధారణంగా ఈ మొత్తమే. రెంటినీ కలిపేసుకుని కంగారు పడేవాళ్లు చాలామంది. 1 బార్ అంటే 14.5 పీఎస్‌ఐ.

సమస్య: ఫుల్ యాక్సిలరేటర్‌లో, 4500 ఆర్‌పీఎం దగ్గర బండి ఊగి పట్టేస్తోంది

ఇది నాకే జరిగింది. నాది 1.4 లీటర్ టర్బో సెడాన్, నాలుగు ఇంజెక్టర్లు (ఇంజిన్‌కి పెట్రోలు చిమ్మేవి). కంపెనీ బూస్ట్ మీద 0.2 బార్ పెంచాం. మూడు నెలలు బాగానే తిరిగింది. ఒక రోజు ఆనందపురం - అనకాపల్లి రోడ్డులో లారీని దాటుతుంటే ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు బండి ఆగి ఆగి కదిలింది. లారీ పక్కనే ఉంది, ముందుకు పోలేను, వెనక్కి తగ్గలేను. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. స్కానర్‌లో పీ0171 అనే లోపం కోడ్ వచ్చింది. అంటే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ. ఒక వర్క్‌షాప్‌లో టర్బో మార్చాలన్నారు.

గాజువాక ఆటోనగర్‌లో నాకు తెలిసిన పాత మెకానిక్ ఒకాయన ఉన్నారు. ఆయన టర్బో వైపు చూడనే లేదు. ఫ్యూయల్ రైలుకి (ఇంజెక్టర్లకి పెట్రోలు పంచే గొట్టం) ప్రెషర్ గేజ్ బిగించారు. పెట్రోలు ఒత్తిడిని అదుపు చేసే రెగ్యులేటర్ వాక్యూమ్ గొట్టం తీసి, బండి ఐడిల్‌లో ఉండగా చూస్తే 3 బార్. అంతా సరిగ్గానే ఉంది. గొట్టం పెట్టేసి బండిని డైనో (నిలబెట్టిన చోటే చక్రాలు తిప్పి పరీక్షించే యంత్రం) మీదకు ఎక్కించాం. బూస్ట్ 0.9 బార్‌కి చేరినప్పుడు రైలులో 3.9 బార్ ఉండాలి, ఎందుకంటే ఈ రకం రెగ్యులేటర్ బూస్ట్ ఎంత పెరిగితే పెట్రోలు ఒత్తిడిని అంతే పెంచుతుంది. ముల్లు 3.2 దగ్గరే ఆగి వణుకుతోంది. ఆయన నా వైపు చూసి, "టర్బో బాగానే ఉంది బాబూ, దానికి తిండే అందట్లేదు" అన్నారు.

తర్వాత మల్టీమీటర్ తీశారు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు, పంపు కనెక్టర్ దగ్గర 11.6. వెనక సీటు ఎత్తి, కార్పెట్ మడిచి చూస్తే ఎర్త్ బోల్టు కింద తీగ చివర పచ్చగా చిలుము పట్టి ఉంది. వేలితో రుద్దితే పొడి రాలింది. బీచ్‌కి రెండు వీధుల అవతల ఏడేళ్లు ఆరుబయట నిలబడ్డ బండి అది. ఉప్పుగాలి ఊరికే పోతుందా? ఉప్పుకాగితంతో బోల్టు కింది రేకు తెల్లగా మెరిసేదాకా రుద్ది, తీగకు కొత్త లగ్ వేసి, బిగించాక పైన గ్రీజు పూశారు. మళ్లీ పరుగు తీస్తే 3.9. ఒక్క కొత్త పార్టు కూడా కొనలేదు.

అందుకే వెతికే వరస ఇలా పెట్టుకోండి. మొదట వోల్టేజి. బ్యాటరీకీ పంపుకీ మధ్య తేడా అర వోల్టు దాటితే ఎర్త్, రిలే, కనెక్టర్ చూడాలి. అవసరమైతే బ్యాటరీ నుంచి ఫ్యూజుతో, రిలేతో పంపుకి వేరే లావు తీగ లాగాలి. తర్వాత ఫిల్టరు, ట్యాంకులోని జాలీ. ఆ తర్వాతే పంపు. కొన్ని కార్లలో రెగ్యులేటర్ ట్యాంకులోనే ఉంటుంది, రిటర్న్ లైన్ (మిగిలిన పెట్రోలును ట్యాంకుకి వెనక్కి పంపే గొట్టం) ఉండదు, రైలు ఒత్తిడి బూస్ట్‌తో పాటు పెరగదు. అలాంటి బండిలో ఒత్తిడి కదలకుండా ఉండటమే సరైన లక్షణం, పడిపోతేనే తప్పు.

సమస్య: ఒత్తిడి నిలబడుతోంది, అయినా పై ఆర్‌పీఎంలో లీన్ (పెట్రోలు తక్కువ) అవుతోంది

ఇది ఇంజెక్టర్ల వంతు. లాగ్‌లో (ఈసీయూ అంకెల రికార్డు) డ్యూటీ సైకిల్, అంటే ఇంజెక్టరు ఎంత శాతం సేపు తెరిచి ఉంటోందో, చూడండి. 85 శాతం దాటిందంటే ఇంజెక్టరు మూసుకునే తీరిక లేకుండా తెరిచే ఉంటోంది. ఇక ఈసీయూ అడిగినా అది ఇవ్వలేదు.

ఎంత సైజు కావాలో లెక్క కట్టడం తేలికే. టర్బో పెట్రోలు ఇంజిన్ ఒక హార్స్‌పవర్‌కి గంటకు సుమారు 270 గ్రాముల పెట్రోలు తాగుతుంది. 180 హార్స్‌పవర్ లక్ష్యమైతే గంటకు 49 కిలోలు. నాలుగు ఇంజెక్టర్లకి పంచి, 80 శాతం డ్యూటీకే ఆపితే ఒక్కోటి నిమిషానికి 350 సీసీ దాకా ఇవ్వాలి. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. అదే గాలికి ఇది ఇంకాస్త ఎక్కువ కావాలి, కాబట్టి నేనైతే 400 సీసీకి వెళ్తాను. కొత్త ఇంజెక్టర్ల ఫ్లో, డెడ్‌టైమ్ (తెరుచుకోవడానికి పట్టే ఆలస్యం) అంకెలు ఈసీయూలో మార్చకుండా బిగించి నడపొద్దు.

ఇంజెక్టర్లు మార్చకుండా రైలు ఒత్తిడి పెంచుదామని కొందరంటారు. 3 బార్ నుంచి 4 బార్‌కి పెంచితే వచ్చేది 15 శాతమే, పైగా పంపు మీద భారం పెరిగి దాని ఫ్లో తగ్గుతుంది. కాస్త లోటుంటే పనికొస్తుంది, అంతకు మించి వద్దు.

పంపు విషయానికి వస్తే, పైన చెప్పిన 180 హార్స్‌పవర్‌కి గంటకు 70 లీటర్లు చాలు. గంటకు 255 లీటర్ల పంపు కావలసినదానికంటే చాలా ఎక్కువే ఇస్తుంది. దాన్ని చిన్న రెగ్యులేటర్ ఉన్న బండికి వేస్తే రిటర్న్ లైన్ అంత పెట్రోలును వెనక్కి పంపలేక ఐడిల్‌లో ఒత్తిడి పెరిగి బండి రిచ్‌గా (పెట్రోలు ఎక్కువై) నడుస్తుంది. సగం ధరకే దొరికే పేరులేని పంపులను నమ్మకండి. పంపు ఆగిపోయేది ఫుల్ లోడ్‌లోనే, ఇంజిన్‌కి అన్నిటికంటే ఎక్కువ పెట్రోలు కావలసిన క్షణంలో.

సమస్య: మధ్యాహ్నం ఎండలో, ఘాట్ ఎక్కుతుంటే ఇంజిన్‌లో టిక్కుటిక్కు చప్పుడు

ఇది నాక్, అంటే సిలిండర్‌లో మిశ్రమం అదుపు తప్పి అంటుకోవడం. ఈ చప్పుడు వినగానే కాలు తీసేయండి, ఇంకేమీ ఆలోచించకండి. మే నెలలో శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు బండి నెమ్మదిగా పోతుంది, టర్బో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ మీదకు గాలి తగలదు, లోడ్ మాత్రం నిండుగా ఉంటుంది. అరకు 900 మీటర్ల పైనే ఉంది. అక్కడ బయటి ఒత్తిడి 0.9 బార్‌కి పడిపోతుంది కాబట్టి అదే మొత్తం ఒత్తిడి తేవడానికి టర్బో ఇంకా వేగంగా తిరిగి గాలిని ఇంకా వేడి చేస్తుంది. విశాఖలో పొద్దున్నే సరిచేసుకున్న ట్యూన్ అక్కడ తేలిపోవడం ఇందుకే.

లాగ్‌లో రెండు అంకెలు చూడండి: ఇన్‌టేక్ గాలి వేడి, నాక్ వల్ల ఈసీయూ వెనక్కి తీసిన టైమింగ్ (స్పార్క్ వచ్చే క్షణం). వేడి 60 డిగ్రీలు దాటుతూ టైమింగ్ పడుతుంటే ఇంటర్‌కూలర్ చాలట్లేదు. పెద్దది వేసేదాకా బూస్ట్ తగ్గించండి. వేడి మామూలుగానే ఉండి టైమింగ్ పడుతుంటే పెట్రోలు కలుషితమై ఉండొచ్చు, ఇంజిన్ లోపల కార్బన్ పేరుకుని ఉండొచ్చు, లేదా ట్యూనే అతిగా ఉండొచ్చు.

ఇథనాల్ కలిపాక మామూలు పెట్రోలు ఆక్టేన్ 91 నుంచి 95కి చేరింది. నాక్ విషయంలో ఇది మనకు మేలే. అయితే గాలి, పెట్రోలు సరైన మిశ్రమం నిష్పత్తి 14.7 నుంచి సుమారు 13.5కి మారింది. కాబట్టి ఎగ్జాస్ట్‌లో మిశ్రమాన్ని కొలిచే వైడ్‌బ్యాండ్ గేజ్‌ను ల్యాంబ్డాలో (సరైన మిశ్రమం 1, అంతకు తక్కువైతే రిచ్) చదవడం అలవాటు చేసుకోండి. పెట్రోలు ఏదైనా ఆ అంకె మోసం చేయదు. ఫుల్ బూస్ట్‌లో 0.78 నుంచి 0.82 మధ్య ఉండాలి. 0.85 దాటితే ఆ పరుగు అక్కడితో ఆపేయండి.

డైరెక్ట్ ఇంజెక్షన్ (నేరుగా సిలిండర్‌లోకే పెట్రోలు చిమ్మే) చిన్న ఇంజిన్లకి ఇంకో ప్రమాదం ఉంది. ఐదో గేరులో 1500 ఆర్‌పీఎం దగ్గర నిండుగా తొక్కితే, స్పార్క్ రాకముందే మిశ్రమం అంటుకుని పిస్టన్ పగలొచ్చు. గేరు తగ్గించండి, ఏపీఐ ఎస్‌పీ గ్రేడు ఆయిల్ వాడండి. ఈ బండ్లలో హై ప్రెషర్ పంపును క్యామ్‌షాఫ్టే నడుపుతుంది. ట్యాంకు పంపు ఒక్కటే మార్చితే లాభం ఉండకపోవచ్చు. పీ0087 (రైలు ఒత్తిడి తక్కువ) వస్తే రెండు ఒత్తిళ్లూ విడివిడిగా చూడాలి.

సమస్య: బూస్ట్ అడిగినదానికంటే ఎక్కువ ఎక్కి, ఒక్కసారి కట్ అవుతోంది

కోడ్ పీ0234. వేస్ట్‌గేట్ (బూస్ట్ హద్దు దాటకుండా ఎగ్జాస్ట్‌ను పక్కకు వదిలే తలుపు) యాక్చుయేటర్‌కి వెళ్లే సన్న గొట్టం పగిలిందా, ఊడిందా చూడండి. సముద్రపు గాలికి వేస్ట్‌గేట్ రాడ్ తుప్పు పట్టి బిగుసుకోవడం కూడా ఉంటుంది. చేతి పంపుతో గాలి కొట్టి అది కదులుతోందో లేదో చూడొచ్చు. ఫ్రీఫ్లో ఎగ్జాస్ట్ వేసిన తర్వాతే మొదలైతే వేస్ట్‌గేట్ రంధ్రం చాలడం లేదని అర్థం. మ్యాప్ సెన్సర్‌ను (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి కొలిచేది) మోసం చేసి కట్ రాకుండా చేసే పరికరాలు ఎవరైనా అమ్మితే తీసుకోకండి. ఇంజిన్‌ను కాపాడే ఆఖరి కాపలాదారు ఆ కట్టే.

బూస్ట్ రాకపోతే, అంటే పీ0299 అయితే, చాలాసార్లు గొట్టం లీకే. సబ్బు నీళ్లు చల్లి, తక్కువ ఒత్తిడితో గాలి కొడితే బుడగలే చూపిస్తాయి.

లోడ్‌లో మాత్రమే మిస్ అవుతుంటే స్పార్క్ ప్లగ్ గ్యాప్ 0.7 మి.మీ.కి తగ్గించి చూడండి.

మరి ఎంత బూస్ట్ సేఫ్?

లోపలి పార్టులు మార్చని ఇంజిన్‌కి కంపెనీ బూస్ట్ మీద 0.15 నుంచి 0.2 బార్ వరకే నేను ఒప్పుకుంటాను, అదీ పైన చెప్పినవన్నీ సరిగ్గా ఉంటేనే. ఒకేసారి కాకుండా 0.05 చొప్పున పెంచుతూ ప్రతిసారీ లాగ్ చదవాలి. పరీక్షలు డైనో మీదే చేయండి, బీచ్ రోడ్డు మీద వద్దు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 మార్పుల గురించి ఏం చెబుతోందో చదువుకోండి, బీమా కంపెనీకి ముందే చెప్పండి.

పంపు, ఇంజెక్టర్ల పని అయ్యాక ఓ-రింగులు కొత్తవే వేయించండి. ట్యాంకు లోపల పెట్రోలులో మునిగి ఉండే గొట్టం వేరే రకం, బయటి గొట్టం ముక్క అక్కడ వాడనివ్వకండి. కీ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, ప్రతి జాయింటూ పొడి గుడ్డతో తుడిచి వాసన చూడండి. మొదటి రెండు రోజులు పొద్దున్నే బండి కింద నేల చూడండి. ఒక్క చుక్క కనిపించినా స్టార్ట్ చేయకుండా మెకానిక్‌ను ఇంటికే పిలిపించండి.